బాపు ఒప్పుకోని అత్తర్లు

వేలకు వేలు పోసి పొగాకు వాసన కొనుక్కునే మనుషులు ఈ లోకంలో ఉన్నారని నాకు హైదరాబాదులో తెలిసింది. మా నాన్నకు, బాపుకు, అక్కడ ఒక పెద్ద దవాఖానలో రేడియేషన్ ఇస్తున్న రోజులవి. ఆయన్ని లోపలికి పంపి అమ్మ బయట బల్ల మీద కూర్చునేది. నేను కూర్చోలేకపోయేదాన్ని. ఆ ఫినాయిల్ వాసన, ఆ వరుసలో ఉన్న మనుషుల ముఖాలు తట్టుకోలేక బయటికి నడిచేదాన్ని. రోడ్డు దాటితే ఒక మాల్ ఉంది. లోపల చల్లగా ఉంటుంది, ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. ఒకరోజు ఊరికే తిరుగుతుంటే సెంట్లు అమ్మే అమ్మాయి ఒక కాగితం ముక్క మీద ఏదో చిమ్మి నా చేతికిచ్చింది. "టొబాకో, వెనిల్లా మేడమ్. లగ్జరీ," అంది. పొగాకు చేసిన నిర్వాకానికే మేం అక్కడ పడి ఉన్నాం, దాన్ని లగ్జరీ అంటుంటే నాకు ఒళ్లు మండింది. అయినా చేతికొచ్చింది కదా అని ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

అది డిసెంబరు నెలలో మా బాపు చొక్కా వాసన.

మాది గోదావరిఖనిలో బొగ్గుబాయి మీద బతికిన కుటుంబం, చర్చికి పోయే ఇల్లు. క్రిస్మస్ ముందు అమ్మ కేకు పిండి కలిపేది. మా క్వార్టర్లలో ఓవెన్ ఎవరికుంది? మైదా, గుడ్లు, చక్కెర, డాల్డా, వెనిల్లా ఎసెన్సు కలిపిన గిన్నెకు గుడ్డ కట్టి బేకరీకి పంపేది. అక్కడ రేకు డబ్బాల్లో పోసి కాల్చి ఇస్తారు. ఊళ్లో క్రైస్తవుల గిన్నెలన్నీ ఆ వారం ఆ బేకరీ ముందే. మన గిన్నె వాళ్ల గిన్నెల్లో కలిసిపోతుందేమోనని అమ్మకు బెంగ, అందుకని ఇంకెవరినీ నమ్మక బాపునే పంపేది. ఆయన మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, దవడలో పొగాకు పెట్టుకుని వెళ్లి నిలబడేవాడు. వేడివేడి డబ్బాలు గుండెకు ఆనించుకుని తిరిగొచ్చేసరికి చొక్కా నిండా ఆ రెండు వాసనలూ పట్టేసి ఉండేవి. ఆ చొక్కాను ఎవడో సీసాలో పిండి అమ్ముకుంటున్నాడు. ధర అడిగాను. విన్నాక ఆ అమ్మాయికి థాంక్స్ చెప్పి, కాగితం ముక్క మాత్రం గుప్పిట్లో పెట్టుకుని బయటికొచ్చాను.

బాపు బీడీ తాగి చెడిపోయినవాడు కాదు. బాయిలోకి దిగే ముందు అందరి జేబులూ తడుముతారు. బీడీలు, అగ్గిపెట్టె దొరికితే ఇక ఆ మనిషి పని అయిపోయినట్టే, లోపల గ్యాసుంటుంది కదా. అందుకే బాపు తరం వాళ్లు నమలడం మరిగారు. ఆకు నలిపి, సున్నం కలిపి, దవడకు పెట్టుకుని షిఫ్టు నెట్టుకొచ్చేవాళ్లు. "దూప గాదు, నిద్ర రాదు, పని సాగుతది," అనేవాడు బాపు, దూపంటే దాహం. రిటైరయ్యాక సరిగ్గా ఆ పెట్టుకున్న చోటే పుండు లేచింది. దవడ ఎముక ఒకవైపు తీసేశారు. నోరు ఒక వేలు పట్టేంతే తెరుచుకుంటుంది. ముక్కులో ఒక పక్క నుంచి గొట్టం, దాంట్లోంచే పాలూ జావా. మాట ముద్దముద్దగా వచ్చేది, మాకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. రానురాను ఆ మాట కూడా మానేశాడు.

ఆ రోజు వార్డుకు వెళ్లి, గొట్టం లేని వైపు ముక్కు దగ్గర ఆ కాగితం పెట్టాను. బాపు కళ్లు తెరిచాడు. ఇంకోసారి పీల్చాడు.

"బేకరికి వొయినవా బిడ్డా?" అన్నాడు.

ఎన్నాళ్ల తర్వాత విన్నానో ఆ గొంతు. నేనూ అమ్మా ఒకరి ముఖం ఒకరం చూసుకుని ఏడ్చాం. ఆ కాగితం ముక్కను చొక్కా జేబులో పెట్టించుకున్నాడు. వాసన పూర్తిగా పోయాక కూడా తీయనివ్వలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆపరేషన్‌కు ముందు అమ్మ ఆయన చేత మాట తీసుకుంది. ప్రార్థన చేసి, బైబిలు మీద చెయ్యి పెట్టించి, "ఇగ జల్మల ముట్టనని అను," అంది. బాపు అన్నాడు. అన్నాక నిజంగానే ముట్టలేదు. అమ్మ ఇంట్లో ఉన్న పొగాకు డబ్బా, సున్నం కాయ అన్నీ కాలువలో పారేసింది. పక్కింటాయన పలకరించడానికొచ్చి మా అరుగు మీద అరచేతిలో పొగాకు నలుపుకుంటే, "ఇంక ఇండ్ల ఒకడు పండుకున్నది సాలదా నీకు?" అని లేపి పంపించింది. బాపు మంచం మీద నుంచి అది విని నవ్వాడు. ఆయనకు ఆ మాట మీద అంత నమ్మకం. నొప్పి ఎక్కువైనప్పుడల్లా తనకు తనే చెప్పుకునేవాడు: "మానేసిన గద. తగ్గుతది."

తగ్గలేదు. రేడియేషన్ అయ్యేలోపే మెడ కింద మళ్లీ గడ్డ వచ్చింది. డాక్టరు అమ్మనూ నన్నూ పక్కకు పిలిచి, ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్లి నొప్పి లేకుండా చూసుకోండి అన్నాడు. బాపుతో మేం చెప్పింది వేరు. కొంచెం బలం వచ్చాక మళ్లీ రమ్మన్నారని చెప్పాం. తిరిగొచ్చేటప్పుడు అంబులెన్సులో అమ్మ నా మోచేయి గట్టిగా పట్టుకుని చెవిలో అంది, "నీ నోట్లకెళ్లి ఆ ముచ్చట వచ్చిందో, నువ్వు నాకు బిడ్డవే గాదు." రాలేదు. బాపు రోజూ చేతులు పైకెత్తి దించుతూ బలం తెచ్చుకునే కసరత్తు చేస్తుంటే చూస్తూ ఊరుకున్నాను. నేను స్కూల్లో పిల్లలకు సైన్సు చెబుతాను. అబద్ధం చెప్పడం ఇంత సులువని నాకప్పటిదాకా తెలియదు.

ఇంటికొచ్చిన వారానికి బాపు అడిగాడు, "ఆ దవాఖానల చూపిచ్చినవ్ సూడు, గా సెంటు... అది పొగాకు గాదు గద? మాట తప్పినట్టు గాదు గద?"

"కాదు బాపు. ఉత్త వాసనే," అన్నాను.

"అయితె తే."

ఇదిగో, అప్పుడు మొదలైంది నా వెతుకులాట. అసలు సీసా కొనే తాహతు నాకు లేదు. దానికి బదులు చవకవి ఉంటాయని, అచ్చం అలాగే ఉంటాయని ఫోన్లో చదివాను. అబ్బో, ఈ లోకంలో జనానికి ఎంత తీరికో. ఏ చవక సెంటు ఆ ఖరీదైన దానికి ఎంత దగ్గర, ఎన్ని గంటలు నిలుస్తుంది, చలికాలం కొట్టుకోవాలా వేసవిలోనా అని గంటలకొద్దీ వీడియోలు. మంచం మీద పండుకున్న మనిషికి ఏది బాగుంటుందో మాత్రం ఎవడూ చెప్పలేదు.

ముందు మార్కెట్ వెనక సందులో అత్తర్లమ్మే సాయిబు దగ్గరికి వెళ్లాను. చెప్పగానే, "తంబాకు అత్తర్ ఉంది బేటీ, అసల్ మాల్," అంటూ గాజుపుల్లతో నా మణికట్టు మీద రాశాడు. ఎండుటాకు వాసన వచ్చింది, కాదనను. బుడ్డి తెచ్చుకుని ఇంటికి నడిచేలోపు ఎండకు ఆ ఆకు ఎటు పోయిందో పోయి, కింద నుంచి గులాబీలు లేచాయి. బాపు ఒక్కసారి పీల్చి ముఖం తిప్పుకున్నాడు. "పెండ్లి పందిరి," అన్నాడు.

తర్వాత సూపర్ మార్కెట్లో దొరికే స్ప్రే. డబ్బా మీద పొగాకు ఆకు బొమ్మ కూడా ఉంది. లోపల ఉన్నది ఉత్త ఐస్‌క్రీం. దాని సంగతి ఇంతే.

మా మేనత్త కొడుకు, బావ, దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు. వస్తూ వస్తూ నా ఫోను విని ఒక సీసా పట్టుకొచ్చాడు. ఇటుకంత బరువు, బంగారు మూత. "మరదలా, అసలు దానికి ఇది సొంత తమ్ముడు. పక్కపక్కన వెడితె తయారుచేసినోడు గూడ గుర్తువట్టడు," అన్నాడు. కొట్టిన పది నిమిషాల దాకా నిజమేననిపించింది. వెనిల్లా గట్టిగా, నిండుగా ఉంది, తేనె కలిపినట్టు. తర్వాత పొగాకు వస్తుందని కూర్చుంటే వచ్చింది పాన్ డబ్బా. "పాన్ల ఏస్తరు సూడు, గా జర్దా," అన్నాడు బాపు. బావ ముఖం చిన్నబోయింది. అసలు దానికంటే ఇదే ఎక్కువసేపు నిలుస్తుందని ఫోన్లో తెగ మెచ్చుకున్నారు కూడా. నిలవడమే గొప్పయితే రామగుండం కరెంటు ప్లాంటు బూడిద మా కిటికీల మీద ఏళ్ల తరబడి నిలుస్తోంది. మూడు రోజులు మా పప్పు కూడా ఆ సెంటు వాసనే కొట్టింది.

చివరికి అసలు దాన్నే సెలైను సూది మందంత గాజుగొట్టంలో పోసి అమ్మేవాళ్లున్నారని తెలిసి అది తెప్పించాను. పోల్చుకోవడానికైనా ఒకటి చేతిలో ఉండాలి కదా. "ఇదే," అన్నాడు బాపు. కళ్లు మూసుకుని, "గిన్నెలు మస్తుగున్నయి ఇయ్యాల," అన్నాడు. బేకరీ ముందు వరుస ఆయనకు కనిపిస్తోంది. మా మే నెల ఎండలకు ఆ నాలుగు చుక్కలు ఎన్నాళ్లుంటాయి? అయిపోయిన గొట్టాన్ని బాపు దిండు కింద దాచుకుంటే నాకు ఏడుపొచ్చింది. మళ్లీ వెతకడం మొదలుపెట్టాను.

బాపును మోసం చెయ్యడం అంత తేలిక కాదు. ఆయన ముక్కుకు బాయిలో పేరుంది. భూమి లోపల వదిలేసిన బొగ్గు ఒక్కోసారి దానంతటదే కాగి అంటుకుంటుంది. మంట కంటే ముందు, పొగ కంటే ముందు ఒక వాసన వస్తుందట, తీయగా, కిరసనాయిలు కలిసినట్టుగా. అది పసిగట్టి కేక వేసేవాడు ఒకడుండాలి. ఆ కేక వినగానే పనిముట్లు ఎక్కడివక్కడ వదిలేసి అందరూ బయటికి నడవాలి. ఒకసారి బాపు వేసిన కేకకు ఆ షిఫ్టు మొత్తం ప్రాణాలతో బయటికొచ్చిందని ఆయన తోటివాళ్లు ఇప్పటికీ చెబుతారు. అలాంటి ముక్కు ముందు నేను చవక సెంట్లు పెడుతున్నాను.

నాలుగోది ఏదో చిన్న కంపెనీది, పోస్టులో వచ్చింది. నాకు బాగా నచ్చింది. పచ్చి పొగాకు ఆకు, దాని వెనక తీపి తక్కువ వెనిల్లా, ఇంకా వెనక ఏదో కాలినట్టు, నూనె మరిగినట్టు ఒక ఘాటు. మిగతా వాటిలో లేనిది ఆ ఘాటే, అదే దీనికి అందం అనుకున్నాను. అప్పుడు మధ్యాహ్నం. ఎండకు కిటికీలన్నీ మూసి, దుప్పట్లు కట్టి ఉన్నాయి. బాపు నొప్పి మందుకు మత్తుగా పడుకున్నాడు. లేచేసరికి గది నిండా వాసన ఉండాలని ఆశపడి, కూలర్ వెనక తడి గడ్డి చాపల మీద ఆ సెంటు బాగా చిమ్మాను. చిమ్మి, వంటింట్లోకి వెళ్లి అమ్మ పక్కన కూర్చుని ఉల్లిగడ్డ కోస్తున్నాను.

స్టీలు గ్లాసుతో మంచం కోడును బాదుతున్న చప్పుడు వినిపించింది.

పరుగెత్తి వెళ్లేసరికి బాపు లేచి నిలబడి ఉన్నాడు. నెల రోజులుగా ఎవరో పట్టుకుంటే తప్ప లేవని మనిషి. గొట్టం ముక్కు నుంచి సగం ఊడి వేలాడుతోంది. చీకటి గది, తడి గాలి, కూలర్ ఫ్యాను హోరు, ఆ తీపి వాసన. ఆయన ఎక్కడున్నాడో నాకు వెంటనే తట్టలేదు. అమ్మకు తట్టింది.

"నడువుండ్రి!" ఆ తెగిన దవడతోనే అరుస్తున్నాడు. "బొగ్గు కాగుతాంది! అన్ని ఇడిసిపెట్టి నడువుండ్రి బయటికి!"

నేను పట్టుకోబోతే విదిలించేశాడు. అంత బలం ఎక్కడిదో. "నన్ను ఇడువు, ముందు నువ్వు నడువ్!" అని నన్ను తలుపు వైపు తోశాడు. అమ్మ నా చెయ్యి పట్టి లాగింది. "ఎదురు చెప్పకు. మనం పోతెనే ఆయన వస్తడు," అంది. ఇద్దరం వాకిట్లోకి వెళ్లి సిమెంటు మీద ఎండలో ఉత్త కాళ్లతో నిలబడ్డాం. అరికాళ్లు కాలిపోతున్నాయి. బాపు గోడ పట్టుకుని గడప దాకా వచ్చి ఆగాడు. వెనక్కి తిరిగి చీకట్లోకి చూశాడు.

"ఇంకెవలన్న ఉన్నరా?"

"ఎవ్వలు లేరు. అందరొచ్చిండ్రు. నువ్వు గూడ రా," అంది అమ్మ. చర్చిలో వాక్యం చదివినంత స్పష్టంగా చెప్పింది.

అప్పుడు గడప దాటాడు. దాటి అక్కడే కూలబడ్డాడు.

నర్సును పిలిపించి గొట్టం సరిచేయించి మళ్లీ పడుకోబెట్టాం. బాపుకు అంతా గుర్తుంది. సిగ్గుపడి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ కూలర్ చాపలు ఊడదీసి రోడ్డు మీద పారేసింది. తర్వాత నా మీదికొచ్చింది. "ఏం బెట్టినవే ఇండ్ల? లేవలేనోన్ని ఉరికిస్తవా? నీ సదువు మన్నువడ!" అంది. తిట్లన్నీ తిన్నాను. అలమారలో ఉన్న సీసాలన్నీ తెచ్చి ఆమె ముందు పెట్టి, అప్పటిదాకా ఆమెకు చెప్పనిది, ఎందుకు కొన్నానో చెప్పాను. బేకరీ వరుస గురించి కూడా చెప్పాను. అమ్మ ఒక్కొక్క మూతా తీసి వాసన చూసింది. బావ తెచ్చిన దాని దగ్గర కొంచెంసేపు ఆగింది. "పొగాకు వాసన కోసమా ఇదంత?" అంది. చీర చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది.

సాయంత్రం ఎండ దిగాక చెప్పకుండా బయటికి వెళ్లింది. వచ్చేటప్పుడు చేతిలో చిన్న కాగితం పొట్లం. నేను చూస్తుండగానే బాపు మంచం మీద కూర్చుని, పొట్లం విప్పి, ఆయన అరచేతిలో పెట్టింది. ఎండు పొగాకు. చౌరస్తా పాన్‌డబ్బాలో ఎవరికైనా దొరికేది.

బాపు చెయ్యి ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. ఆ కాస్త ఖాళీ ముక్కుతో ఎంత లోతుగా పీల్చాడంటే పక్కటెముకలు లేచి నిలబడ్డాయి. ముఖంలో మిగిలిన సగమూ విచ్చుకుంది. ఏ సెంటుకూ రాని సంతోషం అది, దాచుకోవడం కూడా రాలేదు ఆయనకు. బొటనవేలు దానంతటదే కదలడం మొదలుపెట్టింది, అరచేతిలో ఆకును నలుపుతూ. నలిపి నలిపి, చిటికెడు పట్టుకున్నాక ఆగాడు. అమ్మ వైపు చూశాడు, తప్పు చేస్తూ దొరికినట్టు.

"పెట్టుకో," అంది అమ్మ.

ఆయనకు అర్థం కాలేదు.

"పెట్టుకో అయ్యా. జరంత. నేనేమనను. దేవుడు గూడ ఏమనడు."

బాపు కదలలేదు. అమ్మనే చూస్తున్నాడు. కాలువలో డబ్బాలు పారేసినామె, పక్కింటాయన్ని అరుగు మీద నుంచి లేపినామె, ఈయన చేయి బైబిలు మీద పెట్టించినామె. ముఖంలో విచ్చుకున్నదంతా మెల్లగా మూసుకుపోయింది. అమ్మకు అప్పటిగ్గానీ తనేం చెప్పిందో తెలియలేదనుకుంటా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన నా వైపు తిరిగాడు.

"డాక్టరు ఏమన్నడు బిడ్డా?"

దవాఖాన నుంచి వచ్చాక ఆ మాట అడగడం అదే మొదటిసారి. అబద్ధం నాలుక మీదే ఉంది, రోజూ చెప్పేదే. అమ్మ వైపు చూశాను. ఆమె తల వంచుకుని ఉంది, వద్దని సైగ చేయలేదు.

చెప్పేశాను. మళ్లీ రమ్మనలేదని, ఇంక మందు లేదని, అంతా చెప్పాను. ఆయన వింటూనే ఉన్నాడు. వింటూ, చిటికెలో ఉన్నదాన్ని కాగితంలోకి దులిపాడు. అరచేతికి అంటుకున్న పొడి కూడా వదలకుండా రాల్చాడు. పొట్లం మడతలు వెనకటిలాగే పెట్టి అమ్మ ఒళ్లో ఉంచాడు.

"వద్దు తియ్యి," అన్నాడు. "నీకు మాటిచ్చిన గద."